నింగిలో కావలికన్నులు

విమానము నెక్కు ప్రయాణికునకు మొట్టమొదట ఎదురగునది ద్వారముకడ చేతులు జోడించి నిలిచిన పరిచారిక. ఆమె నవ్వుమోమును, చక్కగా దువ్వి ముడిచిన కురులను, మడత నలగని దుస్తులను చూచినవానికి, ఆమె అప్పుడే నిద్రలేచి స్నానమాడి పనిలోనికి వచ్చినదనియే తోచును. ఆమె తెల్లవారుజామున మూడుగంటలకు ఇల్లు విడిచి వచ్చియుండవచ్చును. అది ఆనాటికి ఆమె చేయుచున్న మూడవ ప్రయాణమై యుండవచ్చును. క్రిందటి రాత్రి పరాయి ఊరిలో, నడవలోని తలుపుల చప్పుళ్ళ నడుమ, హోటలు గదిలో నాలుగు గంటలు మాత్రమే కనులు మూసియుండవచ్చును. ఇవి యేవియు ప్రయాణికునకు తెలియవు. తెలియనీయకుండుట కూడ ఆమె ఉద్యోగధర్మములలో నొకటి.

రాళ్ళు కొట్టువాని చెమట కనబడును. బండి లాగు ఎద్దు నోటి నురుగు కనబడును. విమానపరిచారకుల బడలిక మాత్రము చిరునవ్వు వెనుక దాగియుండును. కనబడని బడలికను లేని బడలికగా లెక్కించుట మానవస్వభావము. ఈ లెక్క తప్పినచో నష్టపోవునది పరిచారకులు మాత్రమే కాదు. వారిని నమ్మి కూర్చున్న వందలాది ప్రయాణికులు కూడ.

వడ్డన వెనుకనున్న వృత్తి

పరిచారిక యనగానే కాఫీ ఫలహారములు తెచ్చియిచ్చు మనిషి యని జనసామాన్యము భావించును. మహిళలు ఈ వృత్తిలో ప్రవేశించినది వడ్డనలోని నేర్పు చూపి కాదు. 1930 మే 15వ తేదీన అమెరికాలోని ఓక్లండునుండి షికాగోకు బయలుదేరిన బోయింగ్ ఎయిర్ ట్రాన్స్‌పోర్టు వారి విమానములో ఎలెన్ చర్చి యను యువతి తొలి పరిచారికగా పయనించినది. ఆమె చదువుకొన్న నర్సు. విమానము నడుపుట కూడ నేర్చినది. ఆకాశయానమనిన జనులు జంకు ఆ రోజులలో, తోడుగా ఒక నర్సు ఉన్నచో వారికి ధైర్యము కలుగునని ఆమె యజమానులకు నచ్చజెప్పినది. ఆమెతో కలిపి ఎనమండుగురు నర్సులను వారు ఆ కొలువులో చేర్చుకొనిరి.

నేడు స్త్రీలును పురుషులును ఈ వృత్తిలో నున్నారు. ఒక విమానమునకు ఎందరు పరిచారకులు కావలెనను లెక్క భోజనపు పళ్ళెములనుబట్టి కట్టినది కాదు. అమెరికాలోను మన దేశములోను సామాన్యముగా ప్రతి 50 సీట్లకు ఒకరు చొప్పున ఉండవలెనని నియమము. ఆపద వచ్చినపుడు తలుపులు తెరచి జనులను బయటికి పంపుటకు కావలసిన చేతుల లెక్క అది. క్రొత్త నమూనా పెద్ద విమానమునకు అనుమతి దొరకవలెనన్నచో, నిండు జనముతో, రాత్రివేళ చీకటిలో, సగము ద్వారములు మాత్రమే వినియోగించి, 90 సెకన్లలో అందరిని నేలకు దింపవచ్చునని నిర్మాతలు నిరూపింపవలెను. 2006 మార్చిలో జర్మనీలోని హాంబర్గులో ఎయిర్‌బస్ ఎ380 విమానమును ఇట్లు పరీక్షించినప్పుడు 873 మంది 78 సెకన్లలో బయటపడిరి.

ఆ 90 సెకన్లు యంత్రము గుణము మాత్రమే కాదు. తలుపుకడ నిలిచిన మనిషి గుణము కూడ. పరీక్షకు నిలిచినవారు పరీక్ష జరుగుచున్నదని ఎరిగి మెలకువతో నుందురు. నిజమైన ఆపద ముందుగా కబురంపి రాదు. అది పదునాలుగవ గంట కొలువులో, రెప్పలు వాలుచున్న వేళ కూడ రావచ్చును.

మంటల నడుమ ఆలోచన

1985 ఆగస్టు 22వ తేదీన ఇంగ్లండులోని మాంచెస్టరు విమానాశ్రయములో, నేల విడువబోవుచున్న ఒక విమానము ఇంజను పగిలి నిప్పంటుకొన్నది. 137 మందిలో 55 మంది మరణించిరి. వారిలో అధికులను బలిగొన్నది పొగ. ముందుభాగమున నున్న పరిచారకవర్గపు పెద్ద కుడివైపు తలుపు తీయబోగా అది చిక్కుకొనిపోయినది. ఆయన దానితో పెనుగులాడుచు కాలము పుచ్చక, ఎడమవైపు తలుపు తెరచి, మరల వచ్చి కుడిదానిని గూడ సరిచేసెను. వెనుకభాగములోని ఇద్దరు పరిచారికలు ఆ పొగలోనే ప్రాణములు విడిచిరి.

2024 జనవరి 2వ తేదీ సాయంకాలము టోక్యోలోని హనెడా విమానాశ్రయములో జపాన్ ఎయిర్‌లైన్సు వారి పెద్ద విమానము, దిగుచునే తీరరక్షకదళపు చిన్న విమానమును ఢీకొన్నది. చిన్నదానిలోని ఆరుగురిలో ఐదుగురు మరణించిరి. పెద్దదానిలోని 379 మందియు బ్రతికి బయటపడిరి. లోపల మాటలాడుకొను సాధనము చెడిపోగా, పరిచారకులు తొమ్మండుగురు మెగాఫోనులతోను ఎలుగెత్తియు ఆజ్ఞలిచ్చిరి. ఎనిమిది ద్వారములలో దేనికడ మంట లేదో చూచి, మూడింటిని మాత్రమే వినియోగించిరి. తొందరలో ఏ తలుపైన ఒకటే యని తెరచియుండినచో, ప్రాణమిచ్చు ద్వారమే పొగకును మంటకును దారి ఇచ్చెడిది.

ఈ రెండు సంఘటనలలోను పనికివచ్చినది కండబలము మాత్రమే కాదు. ఒక దారి మూసికొనిపోగా మరియొక దారి వెదకు బుద్ధి. అందరు కేకలు వేయుచుండగా కిటికీనుండి బయటికి చూడవలెనను జ్ఞప్తి. నిద్రలేమి మొట్టమొదట హరించునది సరిగా ఈ గుణములనే. అలసిన మనిషి అలవాటైన పనిని అలవాటుగానే చేసికొనిపోవును. టీ పోయుటలో తడబడడు. తలుపు మూయుటలోను తడబడకపోవచ్చును. అనుకొననిది జరిగినప్పుడే అతని బుద్ధి ఒక క్షణము నిలిచిపోవును. చేసిన ప్రయత్నమునే మరల మరల చేయును.

చూచిన కన్ను, పలుకని నోరు

పరిచారకుల పని ఆపద వచ్చిన తరువాతనే మొదలగునని తలచుటయు పొరపాటే. పైలట్లు ముందరి గదిలో నుందురు. రెక్కలను, ఇంజనులను, ప్రయాణికుల ముఖములను చూడగలవారు వెనుకనున్నవారే. 1989 జనవరి 8వ తేదీన ఇంగ్లండులోని కెగ్‌వర్తు గ్రామముకడ ఒక విమానము కూలి 47 మంది మరణించిరి. చెడినది ఎడమ ఇంజను. పైలట్లు ఆపివేసినది కుడి ఇంజను. కుడిదానిలో లోపమున్నదని కెప్టెను ప్రకటించినపుడు, ఎడమవైపు నిప్పురవ్వలు చూచిన ప్రయాణికులు విస్తుపోయిరి. పరిచారకులలో ముగ్గురు కూడ ఆ నిప్పును చూచినవారే. ఆ వార్త ముందరి గదికి చేరలేదు.

అదే సంవత్సరము మార్చి 10వ తేదీన కెనడాలోని డ్రైడెను పట్టణముకడ, రెక్కలపై మంచు పేరుకొనియుండగనే ఒక విమానము పైకి లేచి అడవిలో కూలినది. 69 మందిలో 24 మంది మరణించిరి. రెక్కలమీది మంచు లోపలివారి కంటబడినది. పైలట్ల చెవికి చేరలేదు.

ఈ రెండు దుర్ఘటనలకు పరిచారకుల బడలికయే కారణమని ఎవరును చెప్పలేదు. చెప్పుట న్యాయమును కాదు. పైలటు పెద్ద, తాము చిన్న యను భావము అప్పట్లో ఆ నోళ్ళను కట్టివేసినది. ఈ దుర్ఘటనల తరువాతనే పైలట్లకును పరిచారకులకును కలిపి శిక్షణ ఇచ్చు పద్ధతి బలపడినది. ఐనను వీనినుండి గ్రహింపవలసిన సంగతి ఒకటి కలదు. బాగుగా నిద్రించి వచ్చిన మనిషికే ఆ సంకోచమును దాటి తలుపు తట్టుట కష్టమైనచో, రెండు రాత్రులు నిద్రలేనివానికి అది ఎంత కష్టము? అలసిన కన్ను చూచును. చూచినదానికి విలువ కట్టదు. విలువ కట్టినను, "వారికి తెలిసియే యుండును లే" యని మనసు సర్దిచెప్పుకొనును.

దేహములోని గడియారము

మనుష్యదేహములో ఒక గడియారమున్నది. అది చేతిగడియారమువలె ముల్లు త్రిప్పిన తిరుగునది కాదు. వెలుగు చీకట్లనుబట్టి నడచును. ఆ గడియారము జీవకణములలో ఎట్లు నడచుచున్నదో కనుగొన్న జెఫ్రీ హాల్, మైకేల్ రోస్‌బాష్, మైకేల్ యంగ్ అను ముగ్గురు అమెరికా శాస్త్రజ్ఞులకు 2017లో వైద్యశాస్త్రపు నోబెల్ బహుమతి లభించినది. ఆ గడియారము మిక్కిలి మందగించు వేళ రాత్రి రెండు గంటలనుండి ఆరు గంటలవరకు. శంషాబాదునుండి గల్ఫు దేశములకు పోవు విమానములలో పెక్కు అర్ధరాత్రి దాటిన పిమ్మటనే రెక్క విప్పును. కరీంనగరము, నిజామాబాదు ప్రాంతములనుండి పొట్టకూటికై పోవువారు సీటులో ఒరిగి కునుకు తీయు ఆ వేళనే, పరిచారకులు నిలువుకాళ్ళపై తిరుగుచుందురు. ఆకాశములో క్యాబిన్ గాలి ఆరు నుండి ఎనిమిది వేల అడుగుల ఎత్తుగల కొండమీది గాలివలె పలుచగా నుండును, తేమయు బహుస్వల్పము. కూర్చున్నవానికే నోరెండు ఆ గాలిలో తోపుడుబండి నెట్టుట తక్కువ శ్రమ కాదు.

నిద్రలేమి ఎంతటి మత్తో ఆస్ట్రేలియాలో ఇద్దరు శాస్త్రజ్ఞులు కొలిచి 1997లో ప్రకటించిరి. పదునేడు గంటలు ఎడతెగక మేల్కొనియున్న మనిషి చురుకుదనము, నెత్తురులో నూటికి 0.05 పాలు మద్యమున్నవాని చురుకుదనమునకు దిగిపోయెను. మన మోటారువాహనముల చట్టము 0.03 పాళ్ళకు మించినవానిని బండి నడుపనీయదు. విమానమెక్కబోవు పైలట్లచేతను పరిచారకులచేతను గొట్టములోనికి ఊదించి మద్యము జాడ చూచు పద్ధతి మన దేశములో నున్నది. జాడ కనబడినచో కొలువు చిక్కులో పడును. నిద్రలేమిని పట్టు గొట్టము మాత్రము ద్వారముకడ లేదు. త్రాగి వచ్చినవానిని నిలుపు వ్యవస్థ, నిద్రలేక వచ్చినవానికి నమస్కరించి లోనికి పంపుచున్నది.

అర్ధనిద్రనుండి లేచినవాని స్థితియు అపాయకరమే. కుంభకర్ణుని లేపుటకు భేరీలు మ్రోగించినను తెలివి తెచ్చుకొనుటకు కొంతసేపు పట్టినదని మన పురాణశ్రవణములో విందుము. శాస్త్రజ్ఞులు దీనినే నిద్రజాడ్యమందురు. 2010 మే 22వ తేదీ ఉదయము దుబాయినుండి మంగళూరు వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానము, రన్‌వే దాటి లోయలో పడి 158 మందిని బలిగొన్నది. ఆరుగురు సిబ్బందిలో ఒక్కరును మిగులలేదు. ప్రయాణములో కెప్టెను చాలసేపు నిద్రించెననియు, ఆ నిద్రజాడ్యము అతని నిర్ణయశక్తిని దెబ్బతీసి యుండవచ్చుననియు విచారణసంఘము పేర్కొన్నది. అది పైలటు కథయే కావచ్చును. దేహధర్మము పైలటుకొకటి, పరిచారికకొకటి కాదు.

తెలుగు స్త్రీలు పాడుకొను పాటలలో ఊర్మిళాదేవి పదునాలుగేండ్లు నిద్రించినది. అడవిలో అన్నకు కావలియున్న లక్ష్మణుని నిద్రను కూడ ఆమెయే పొందినదని జనుల నమ్మిక. ఒకరి నిద్రను మరియొకరు పోవు భాగ్యము పురాణములతోనే సరి. పరిచారిక కోల్పోయిన నిద్రను ఆమె యజమాని పోలేడు. జీతపు పట్టికలో కలుపుకొననులేడు. అది అప్పుగానే యుండి దినదినము పెరుగును.

కాగితముపై విశ్రాంతి

అమెరికా ప్రభుత్వమువారి విమానయాన వైద్యసంస్థ, ఆ దేశపు పార్లమెంటు ఆజ్ఞపై, పరిచారకుల బడలికను చిరకాలము పరిశీలించినది. 30 సంస్థలకు చెందిన 9,180 మందిని ప్రశ్నింపగా, నూటికి 84 మంది ఇటీవలి పనికాలములో కొలువులోనుండగా బడలికకు లోనైతిమనిరి. అట్లు చెప్పినవారిలో నూటికి 71 మంది, దానివలన భద్రతకు సంబంధించిన తమ పని దెబ్బతిన్నదని ఒప్పుకొనిరి. మరి 202 మంది చేతికి నిద్రను కొలుచు సాధనము కట్టి చూడగా, పనిదినములలో వారి నిద్ర సగటున 5.7 గంటలు, సెలవుదినములలో 6.3 గంటలు. నిద్రయైనను ఏకధారగా లేదు; ఒక్కొక్క నిద్రలో సుమారు నాలుగుసార్లు మెలకువ వచ్చుచుండెను. నిద్ర సుఖమెరుగదని మన సామెత. దేహగడియారము చెదిరినవానికి మెత్తని పరుపు పరచినను నిద్రయే రాదని సామెత చెప్పినవారికి తెలియదు.

అప్పుడు ఆ దేశములో చట్టము ఏమి చెప్పుచుండెను? 1994 నాటి నియమము ప్రకారము పదునాలుగు గంటల కొలువు తరువాత తొమ్మిది గంటల విశ్రాంతి. అవసరమైనచో దానిని ఎనిమిదికి తగ్గింపవచ్చును. వినుటకు ఎనిమిది గంటలు చాలుననియే తోచును. లెక్క వేసి చూచిన సంగతి బోధపడును. విమానాశ్రయమునుండి హోటలుకు బండికొరకు వేచియుండుట, పోవుట, భోజనము, స్నానము, మరల లేచి ముస్తాబగుట, తిరిగి వచ్చుట, ఇవన్నియు ఆ ఎనిమిది గంటలలోనివే. మిగిలినది నాలుగైదు గంటలు. చట్టము లెక్కించినది విశ్రాంతిని. దేహము అడుగునది నిద్రను. ఈ రెండు మాటల నడుమనున్న అంతరములోనే అపాయము గూడు కట్టుకొన్నది.

2009 ఫిబ్రవరి 12వ తేదీన అమెరికాలోని బఫెలో నగరముకడ కోల్గను సంస్థవారి విమానము కూలి 50 మంది మరణించిన పిమ్మట, పైలట్ల బడలికపై దేశము కనులు తెరచినది. పది గంటల విశ్రాంతి, అందులో ఎనిమిది గంటలు నిద్రకు అవకాశము ఇయ్యవలెనను నియమము 2014 జనవరినుండి పైలట్లకు అమలులోనికి వచ్చినది. అదే విమానములో, అదే రాత్రి, అదే దూరము పయనించు పరిచారకులకు అది వర్తింపలేదు. వారికి పది గంటలు ఇయ్యవలెనని 2018లో చట్టము చేయబడినను, నియమము వెలువడుటకు 2022 అక్టోబరు రావలసివచ్చినది. ఐరోపాలో 2016నుండి అమలులోనున్న నియమావళి మాత్రము పైలట్లను పరిచారకులను ఒకే గ్రంథములో చేర్చినది. అక్కడ స్వస్థలములో కనీసము పండ్రెండు గంటలు, పరాయిచోట పది గంటలు విశ్రాంతి.

మన దేశములో పైలట్ల వారపు విశ్రాంతిని 36 గంటలనుండి 48 గంటలకు పెంచుచు, రాత్రివేళ వారు దింపవలసిన విమానముల సంఖ్యను తగ్గించుచు 2024 జనవరిలో క్రొత్త నియమములు ప్రకటింపబడినవి. 2025 నవంబరునుండి అవి పూర్తిగా అమలులోనికి రాగా, మరునెలలోనే ఇండిగో సంస్థ సరిపడు సిబ్బంది లేక వేలకొలది ప్రయాణములను రద్దు చేసినది. విమానాశ్రయములలో జనులు నేలమీద పడుకొనిరి. అధికారులు ఆ సంస్థకు కొన్ని నియమములను తాత్కాలికముగా సడలింపక తప్పలేదు. విశ్రాంతిని పెంచుటయనగా మనుష్యులను పెంచుట యని ఆ డిసెంబరు నెల దేశమునకు నేర్పినది. పరిచారకుల నియమములు వేరుగా నున్నవి గాని, పాఠము వారికి కూడ ఇదియే.

చెప్పుకొను స్వేచ్ఛ

మందు లేని రోగము కాదిది. వరుసగా తెల్లవారుజాము కొలువులు వేయకుండుట. ఒకనాడు పగలు, మరునాడు రాత్రి, మూడవనాడు వేకువ యని గడియారమును తలక్రిందులు చేయకుండుట. హోటలుకు పోయివచ్చు కాలమును విశ్రాంతిలో లెక్కింపకుండుట. పగలు నిద్రించువారికి చీకటిగది, నిశ్శబ్దము కల్పించుట. ఇవి పెద్ద ధనవ్యయముతో కూడినవి కావు. దూరప్రయాణములలో సిబ్బందికి పడకలున్న విమానములు కలవు. ఆ పడకలవేళను వడ్డనకొరకు కోయకుండుట చాలును.

అన్నిటికంటె ముఖ్యము, అలసితినని నిర్భయముగా చెప్పగల స్వేచ్ఛ. జ్వరము వచ్చిన దినమున సెలవడుగువానిని ఎవరును తప్పుపట్టరు. నిద్రలేదని సెలవడుగువానిని సోమరి యందురు. పెక్కు సంస్థలలో ఆదాయములో కొంతభాగము ఎగిరిన గంటలనుబట్టి యుండును. కనుక అలసితినని చెప్పిన దినమున సంపాదన తగ్గును. ఇంటి అద్దె కట్టవలసిన, తమ్ముని చదువునకు డబ్బు పంపవలసిన ఇరువదియేండ్ల పిల్ల, కూలి పోగొట్టుకొని నిజము చెప్పునని ఆశించుట అవివేకము. పేరు బయటపెట్టక, శిక్ష వేయక, చెప్పినదానిని విని కొలువుల పట్టికను సవరించు పద్ధతిని అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థ ప్రోత్సహించుచున్నది. ఆ పద్ధతి పుస్తకమునుండి సంస్థల కార్యాలయములోనికి నడచి రావలెను.

ప్రయాణికునికిని ఇందులో భాగమున్నది. అర్ధరాత్రి దూరప్రయాణములో గంట నొక్కినప్పుడు, పిలిచిన పరిచారిక రాక మరియొకరు వచ్చి, ఆమె తెర వెనుక నిద్రించుచున్నదని చెప్పవచ్చును. అది సేవలో లోపమని విసుగుకొనుట తగదు. ఆ నిద్రకు వెల అతడు టిక్కెట్టుతోనే చెల్లించియున్నాడు. అది అతనికి ఎన్నడును పనికిరాకుండ పోవుటయే అతని అదృష్టము.